బాప్తిస్మం తీసుకుని 19 ఏళ్లయింది, ఇంట్లో నా నోరు మారలేదు. లోపలి మార్పు కోసం ప్రభువుని ఎలా పిలుచుకోవాలి?

మూడో బెంచీ
గురువారం, రాత్రి 11:52

అందరికీ వందనాలు. రెండేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ రాత్రి నిద్ర పట్టక రాస్తున్నాను.

మాది ఒంగోలు వైపు. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. 19 ఏళ్ల క్రితం బాప్తిస్మం తీసుకున్నాను. సంఘంలో పాటల టీంలో ఉన్నాను, కూడికలకు కుర్చీలు వేయడం దగ్గర్నుంచి మైకు సెట్ చేయడం దాకా అన్నిట్లో ముందుంటాను. బయట అందరూ మంచి విశ్వాసి అంటారు. ఇంట్లోకి అడుగు పెడితే వేరే మనిషినైపోతాను. కోపం. చిన్నదానికీ పెద్దదానికీ అరుపులే.

ఈరోజు జరిగింది చెప్తాను. కుటుంబ ప్రార్థనలో మా అబ్బాయి రోమా 12వ అధ్యాయం చదువుతున్నాడు, ఎనిమిదో తరగతి వాడు. రెండో వచనంలో "రూపాంతరము" దగ్గర వాడికి నోరు తిరగలేదు. ఒకసారి సరిచేశాను. రెండోసారి గొంతు పెంచాను. మూడోసారి చేతిలోంచి బైబిల్ లాక్కుని, ఇంత వయసొచ్చింది ఒక్క మాట చదవడం రాదా అని అరిచాను. మళ్లీ వాడి ముందు పెట్టి చదవమన్నాను. ఆ మాట కింద వేలు పెట్టి చదివాడు. ఆ వేలిని పేజీ మీద ఎంత గట్టిగా నొక్కిపెట్టాడంటే గోరు తెల్లబడిపోయింది.

తర్వాత మా ఆవిడ ప్రార్థన చేసింది. కళ్లు మూసుకుని చిన్న గొంతుతో, "ప్రభువా, ఈ రాత్రి ఈయనకు ఇంక కోపం రాకుండా గడిపించు తండ్రీ" అంది. నేను పక్కనే ఉన్నాను. ఆమేన్ కూడా అన్నాను.

మీ మనస్సు మారి నూతనమగుటవలన రూపాంతరము పొందుడి అనే వచనం మీదే ఇదంతా జరిగింది. అదే నన్ను పడుకోనివ్వడం లేదు.

21 రోజుల ఉపవాసం చేశాను, ఒక ఏడాది శ్రమల దినాలు 40 రోజులూ చేశాను. చేసినన్నాళ్లు బాగుంటాను, అయిపోయిన వారానికి మళ్లీ మామూలే. ఎవరైనా నిజంగా లోపల మారినవాళ్లు ఉంటే చెప్పండి. మార్చుకోవాల్సింది నేనా, మార్చేది ఆయనా? ఆయనే అయితే నేను ఏం చేయాలి, ఎలా పిలవాలి?

ఆవగింజ
శుక్రవారం, ఉదయం 5:40

బ్రదర్, మీరు అడిగిన ప్రశ్నకి జవాబు మీ అబ్బాయికి నోరు తిరగని ఆ మాటలోనే ఉంది.

గ్రీకులో ఆ క్రియ కొత్త నిబంధన మొత్తంలో నాలుగుసార్లే వస్తుంది. మత్తయి 17లో, మార్కు 9లో కొండ మీద యేసు ముఖం ప్రకాశించినప్పుడు, తర్వాత రోమా 12:2లో, 2 కొరింథీ 3:18లో. మొదటి రెండూ ఆయన గురించి, చివరి రెండూ మన గురించి. రోమా పత్రికలో అది ఆజ్ఞ రూపంలో ఉంది, కానీ "మిమ్మల్ని మీరు మార్చుకోండి" అనే ఆజ్ఞ కాదు. "మార్చబడుతూ ఉండండి" అని. చేసేది ఇంకొకరు, ఒప్పుకుని లోబడాల్సింది మనం, అదీ ఒక్కరోజులో అయిపోయేది కాదు, సాగుతూ ఉండేది.

మా నాన్న రైతు, సాగర్ కుడి కాలువ కింద మాగాణి ఉండేది. కాలువలో నీళ్లు ఆయన తెప్పించలేడు. కానీ వంతు వచ్చిన రాత్రి టార్చి పట్టుకుని వెళ్లి మడవ తీయకపోతే నీళ్లు పక్క చేలోకి పోయేవి. పైర్లు ఎండిపోతే కాలువని అనడానికి లేదు. నాకు ప్రార్థన అంటే ఆ మడవ తీయడమే. మీరు ఉపవాసాలప్పుడు నీళ్లు తోడి పోద్దామని చూశారేమో అనిపిస్తోంది. తోడి పోసినన్నాళ్లు తడిగానే ఉంటుంది.

ఇరుకు ద్వారం
శుక్రవారం, ఉదయం 8:15

నేను సూటిగా అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. 19 ఏళ్ల క్రితం మీరు బాప్తిస్మం తీసుకున్నారు సరే, మారుమనస్సు పొందారా? నీళ్లలో మునగడం వేరు, తిరిగి పుట్టడం వేరు. మన సంఘాల్లో చాలామందిమి పెళ్లి కుదిరిందనో, ఇంట్లో అందరూ తీసుకున్నారనో మునిగినవాళ్లమే. చెట్టుని ఫలాలని బట్టి తెలుసుకోవాలని ప్రభువే చెప్పాడు. 19 ఏళ్లుగా ఫలం లేదంటే కొమ్మలు కత్తిరించడం ఆపి వేరు చూసుకోవాలి. నేను 34వ ఏట సంఘంలో సెక్రటరీగా ఉంటూ రక్షణ పొందాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మూడో బెంచీ
శుక్రవారం, మధ్యాహ్నం 1:20

ఇరుకు ద్వారం గారూ, తప్పుగా అనుకోలేదు. ఆ ప్రశ్న నేనూ వేసుకున్నాను. మారుమనస్సు పొందాననే నమ్ముతున్నాను, ఎందుకంటే తాగుడు అప్పుడే పోయింది, ఒక్క రోజులో, మళ్లీ ముట్టలేదు. అందుకే నాకు అర్థం కావడం లేదు. అది తీసేసిన దేవుడు ఇది ఎందుకు తీయలేదు?

రాత్రి డ్యూటీ
శుక్రవారం, మధ్యాహ్నం 3:05

అన్నా, నేను కువైట్‌లో ఉంటాను, సొంతూరు రాజంపేట దగ్గర. ఒక ముసలావిడని చూసుకునే పని. రాత్రంతా మెలకువగా ఉండాలి కాబట్టి ప్రార్థనకి టైం బాగా దొరుకుతుంది, ఏడేళ్లు ప్రార్థించాను కూడా. కన్నీళ్లతో, పాటలతో, అన్నీ. కానీ మా ఆడపడుచు మీద కోపం అలాగే ఉండేది. నేను పంపిన డబ్బుతో కొన్న చైను విషయంలో మోసం చేసింది. ఆ పేరు ఫోన్లో కనపడితే చాలు కడుపులో మంట లేచేది.

ప్రకటన 3:20 మనం ఎప్పుడూ రక్షణ లేనివాళ్లకి చెప్తాం కదా, నేను తలుపునొద్ద నిలుచుండి తట్టుచున్నాను అని. ఒక రాత్రి ఆ అధ్యాయం పైనుంచి చదివితే తెలిసింది, ఆ మాట లవొదికయ సంఘానికి రాసిందని. లోపల కూర్చుని ఆరాధన చేసుకుంటున్నవాళ్లకి, ఆయన బయట నిలబడి తడుతున్నాడు. నాకు చెమటలు పట్టాయి. హాల్లో కూర్చోబెట్టి మర్యాదలన్నీ చేశాను గానీ ఒక గదికి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకున్నాను, అది ఆ ఆడపడుచు గది.

ఆ రాత్రి ఆవిడని క్షమించే శక్తి ఇవ్వమని అడగలేదు, ఎందుకంటే క్షమించాలనే నాకు లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "ప్రభువా, ఈ తలుపు తీయడం నాకు ఇష్టం లేదు. ఇష్టం పుట్టించు" అన్నాను. నాకు తెలిసి అదే నా మొదటి నిజమైన ప్రార్థన. అప్పట్నుంచి రోజూ కీర్తన 139 చివరి రెండు వచనాలు, దేవా నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము అనేవి చెప్పి, పది నిమిషాలు ఊరికే కూర్చునేదాన్ని. ఎనిమిది నెలలకి ఆవిడకి నేనే ఫోన్ చేశాను. చైను సంగతి ఇప్పటికీ తేలలేదు. కడుపులో మంట మాత్రం లేదు.

మీరు కోపం తీసెయ్యమని అడుగుతున్నారు. కోపం వెనక ఏ గది ఉందో అడగండి అన్నా.

తపస్సుకాలం
శుక్రవారం, సాయంత్రం 6:30

మేము కథోలికులం, గుంటూరు జిల్లా. మా దగ్గర పాపసంకీర్తనం, అంటే ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం ఉంటుంది, దానికి ముందు ఆత్మపరిశీలన. చిన్నప్పుడు పరీక్షకి చదివినట్టు పాపాల జాబితా తయారుచేసుకుని ఫాదర్ గారి దగ్గరికి వెళ్లేవాణ్ని. పెద్దయ్యాక దాని అసలు ఉపయోగం తెలిసింది.

ఇగ్నేషియస్ లొయోలా అని జేసు సభని స్థాపించిన స్పెయిన్ దేశస్థుడు. మొదట సైనికుడు. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి నెలల తరబడి మంచంలో పడ్డాడు. అక్కడ పడుకుని ఒకటి గమనించాడు. యుద్ధాలు, గొప్ప పేరు గురించి ఊహించుకుంటే ఆ కాసేపు బాగుండి తర్వాత లోపల ఎండిపోయినట్టు ఉండేది. క్రీస్తుని వెంబడించడం గురించి ఆలోచిస్తే ఆ సంతోషం తర్వాత కూడా నిలిచేది. లోపల ఏం జరుగుతోందో గమనించడం అక్కడ మొదలైంది. తర్వాత ఆయన నేర్పిన పద్ధతుల్లో ఒకటి, అన్ని లోపాలూ ఒకేసారి కాకుండా ఒక్కదాన్నే పట్టుకోవడం. వారంలో రోజుకి రెండు గీతలు గీసుకుని, ఆ తప్పు ఎన్నిసార్లు చేస్తే అన్ని చుక్కలు వాటి మీద పెట్టుకోవాలి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చూసుకుని దేవునితో మాట్లాడాలి.

నేను నా నాలుక విషయంలో, అంటే వెనక మాట్లాడే అలవాటు విషయంలో చేశాను. మొదటి వారం నా గీతలు చూసి నాకే భయం వేసింది. అయితే లెక్కపెట్టడం వల్ల మారిపోలేదు, లెక్కపెట్టడం వల్ల దాచుకోవడం పోయింది. ఇంకొకటి, ఒక మనిషికి చెప్పండి. యాకోబు 5:16లో మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి అనే ఉంది, అది మీ బైబిల్లోనూ మా బైబిల్లోనూ ఉన్నదే.

కృపావరం
శుక్రవారం, రాత్రి 9:10

చదువుతుంటే బాధగా ఉంది. గీతలు, చుక్కలు, లెక్కలు! మళ్లీ ధర్మశాస్త్రం కిందకే వెళ్తున్నాం. ఆత్మానుసారముగా మొదలుపెట్టి శరీరానుసారముగా ముగిస్తారా అని పౌలు గలతీయుల్ని అడిగింది ఇందుకే. గలతీ 5లో ఉన్నది ఆత్మ ఫలము, ఫలములు కాదు, ఒకటే ఫలం, తొమ్మిది రుచులు. మామిడి చెట్టు ముక్కి మూలిగి కాయలు కాయదు. యోహాను 15 చూడండి, నాయందు నిలిచియుండుడి అన్నాడు అంతే.

ఆవగింజ
శుక్రవారం, రాత్రి 9:45

కృపావరం గారూ, మామిడి చెట్టు ముక్కదు నిజమే, కానీ అదే అధ్యాయంలో తండ్రి వ్యవసాయకుడు, తీగెలోని పనికిరాని కొమ్మల్ని తీసేస్తాడని కూడా ఉంది. నిలిచి ఉండటమంటే కత్తెర వచ్చినప్పుడు పక్కకి జరగకుండా ఉండటం కూడా. ఫిలిప్పీ 2లో మీ సొంత రక్షణను కొనసాగించుకొనుడి అన్న వెంటనే, మీలో పనిచేసేది దేవుడే అని పౌలు అంటాడు. రెండూ ఒకే ఊపిరిలో. ఆయన చేస్తున్నాడు కాబట్టే మనం కదలగలం. చుక్కలు పెట్టి దేవుడి దగ్గర మార్కులు అడిగితే అది ధర్మశాస్త్రం. చుక్కలు చూపించి ఇదిగో నా గాయం ఇక్కడ ఉంది అంటే అది కృపని పిలవడమే.

కృపావరం
శుక్రవారం, రాత్రి 10:02

చివరి మాట ఒప్పుకుంటాను. నేను పెరిగిన చోట గైర్హాజరుకి కూడా లెక్కలు రాసేవారు, ఆ భయం ఇంకా పోలేదు, అందుకే లెక్క అనగానే వణుకు. బ్రదర్‌కి నా వల్ల అడ్డు రాకూడదు.

గుండ్లకమ్మ తీరం
శనివారం, ఉదయం 6:20

నాకు 71. నాదీ ఒంగోలు ప్రాంతమే కాబట్టి తమ్ముడితో మాట్లాడాలని ఉంది.

మనం సభల్లో ఎప్పుడూ ఒక సంఖ్య చెప్పుకుంటాం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. మా ముత్తాత ఆ రోజు నీళ్లలోకి దిగాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ సంఖ్య వినగానే మన ఛాతీ పొంగుతుంది. దాని ముందున్నది ఎవరూ చెప్పరు. 1876 నుంచి 78 దాకా ఘోరమైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి పని ఇచ్చాడు. ఆ పనిలో సువార్త విని వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. గింజల కోసం వస్తున్నారో దేవుడి కోసం వస్తున్నారో వాళ్లకే తెలియాలని ఏడాదికి పైగా ఆపాడు. కరువు పనులు అయిపోయి, ఇచ్చేందుకు ఏమీ లేనప్పుడు కూడా అడిగినవాళ్లకే ఇచ్చాడు.

దాని వెనక ఇంకొకటి. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీలైన జూయెట్ దంపతులు ఇంకొందరితో కలిసి ఒంగోలు కొండెక్కి ఆ ఊరికోసం మోకరించారు. ఇప్పటికీ ప్రార్థన కొండ అంటాం. క్లౌ ఒంగోలు వచ్చింది 1866లో. అంటే పన్నెండేళ్లు ఏమీ కనపడలేదు. 1867లో సంఘం ఏర్పడితే ఎనిమిది మంది. నదిలో వేలమంది దిగింది 24 ఏళ్లకి.

ఇక తర్వాతి సంగతి. ఆ కాలపు విశ్వాసులకి మొదట మూడు విషయాలు గట్టిగా చెప్పేవాళ్లు: విగ్రహాలకి మొక్కకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, ఆదివారం పని చేయకూడదు. మాదిగ పల్లెల్లో బతికేవాళ్లకి అవి ఎంత ఖరీదైన మాటలో ఇప్పటివాళ్లకి తెలియదు, ఊరి వెట్టి చాకిరీ ఆదివారం మానితే దెబ్బలు తినాలి. వాళ్లు తిన్నారు. కానీ మా నాయనమ్మ చెప్పింది కూడా వినండి. మా ముత్తాత మొక్కులు మానాడు, ఆదివారం పని మానాడు, భార్యని కొట్టడం మానడానికి మాత్రం ఇంకో ఇరవై ఏళ్లు పట్టిందట. ఎలా మానాడంటే, గుడిసెలో ఎప్పుడూ ఒక మూల ప్రార్థన చేసుకునేవాడట, ఒకరోజు ఆ మూలకి వెళ్లబోతే ముత్తవ్వ అక్కడ కూర్చుని ఉంది, నుదుటి మీద ఆయన చేసిన గాయంతో. ఆమెని దాటుకుని వెళ్లలేకపోయాడు. అక్కడే కూలబడ్డాడు.

నీ తాగుడు నది ఒడ్డున పోయింది తమ్ముడూ. కోపం మీ ఇంటి మూలలో పోవాలి.

మూడో బెంచీ
శనివారం, ఉదయం 11:30

పెద్దాయనా, ఇది మూడుసార్లు చదివాను. పనిలో ఉన్నాను, ఇంకేమీ రాయలేకపోతున్నాను.

అడిగి తెలుసుకుంటా
శనివారం, మధ్యాహ్నం 12:15

నేను పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. ఎవరూ అడగని ఒకటి అడుగుతాను. అన్నా, మీరు వాళ్లని కొట్టారా? ఇంట్లో అమ్మగారికి, బాబుకి మీతో ఒంటరిగా ఉండటానికి భయంగా ఉంటే ముందు దాని సంగతి చూడాలి. ఆవిడకి తోడు ఉండే పుట్టింటివాళ్లో, సంఘంలో నమ్మకమైన పెద్దమ్మో ఉండాలి. ప్రార్థన చేస్తున్నారు కాబట్టి భరించమని ఆవిడకి ఎవరూ చెప్పకూడదు.

రెండోది, మీరు ఎన్ని గంటలు నిద్రపోతున్నారు? బీపీ, షుగర్ చూపించుకున్నారా? 1 రాజులు 19లో ఏలీయా బదరీవృక్షం కింద పడిపోయి నన్ను చంపేయమని అడిగినప్పుడు దూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. రెండుసార్లు. దేవుడి మెల్లని స్వరం ఆ తర్వాత వినపడింది. మా దగ్గరికి కోపం అని ఎవరూ రారు, తలనొప్పి అని వస్తారు. చూస్తే నిద్ర ఉండదు, బీపీ ఎక్కువగా ఉంటుంది, కొందరికి లోపల డిప్రెషన్ ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

మూడో బెంచీ
శనివారం, రాత్రి 10:40

అడిగినందుకు థ్యాంక్స్ సిస్టర్. కొట్టాను. బాబుని రెండుసార్లు, పోయిన ఏడాది. మా ఆవిడ మీద చెయ్యి ఎత్తాను, తగలలేదు గానీ ఎత్తాను. ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

నిద్ర నాలుగు గంటలు. షిఫ్ట్‌లో పాలిషింగ్ మిషన్ల శబ్దానికి అరిస్తేగానీ పక్కవాడికి వినపడదు, ఆ గొంతుతోనే ఇంటికి వస్తున్నాను. బీపీ చూపించుకోలేదు, సోమవారం వెళ్తాను. మా ఆవిడకి ఈ చర్చ మొత్తం చూపించాను. ఏమీ అనలేదు, చదివి ఫోన్ నా చేతిలో పెట్టింది. వాళ్లక్క చీరాలలో ఉంటుంది, ఎప్పుడు అక్కడికి వెళ్లాలనిపించినా నన్ను అడగక్కర్లేదని చెప్పాను.

రాత్రి డ్యూటీ చెల్లెమ్మ చెప్పినట్టు ఏ గది అని అడిగాను. మా నాన్నే కనపడ్డాడు. నేను చదువులో వెనకబడి ఉండేవాణ్ని, ఎక్కాలు తప్పు చెప్తే అందరి ముందూ గోడకి నిలబెట్టేవాడు. మా వాడు చదవలేకపోతే నాకు వాడి మీద కోపం అనుకున్నాను. ఆ గోడకి నిలబడి ఉన్నది నేను.

వరండాలో చెప్పులు
ఆదివారం, మధ్యాహ్నం 2:25

నాకు 26. మా నాన్న సంఘ పెద్ద. బెంగళూరులో పని చేస్తున్నాను, నాలుగేళ్లుగా చర్చికి వెళ్లడం లేదు. ఈ చర్చ మా చెల్లి పంపింది, అంకుల్ రాసింది చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను.

మాకు నాన్న బండి శబ్దం కన్నా ముందు చెప్పుల శబ్దం తెలుసు. వరండాలో చెప్పులు మెల్లగా విడిచిపెడితే ఆ రోజు పర్లేదు. విసిరితే నేనూ చెల్లీ టీవీ ఆపేసి పుస్తకాలు తెరిచేవాళ్లం. అదే చేత్తో ఆదివారం ఆయన బల్ల దగ్గర రొట్టె పంచేవారు. నేను కళ్లు తెరిచే ప్రార్థన చేసేవాణ్ని, ఆ చేతుల్నే చూస్తూ.

అంకుల్, ఒక్కటే చెప్తాను. మీ అబ్బాయికి మీ ఉపవాసం తెలియదు, మీ గీతలూ చుక్కలూ తెలియవు. మీరు లోపల ఎంత ఏడుస్తున్నారో వాడికి కనపడదు. వాడికి కావాల్సింది మీరు వాడి ఎదురుగా కూర్చుని, ఫలానా రోజు ఫలానా పని చేశాను, అది నీ తప్పు కాదు, నాది, అని చెప్పడం. "ఏదైనా బాధపెట్టి ఉంటే" అని చెప్పకండి. బైబిల్ లాక్కున్నాను అని చెప్పండి. కొట్టాను అని చెప్పండి. చెప్పి, వాడు వెంటనే మిమ్మల్ని హత్తుకోవాలని చూడకండి. వాడికి టైం ఇవ్వండి. జక్కయ్య ఊరికే ఏడవలేదు కదా, ఎవరి దగ్గర ఏం తీసుకున్నానో దానికి నాలుగంతలు ఇస్తానన్నాడు.

నేను ఆ మాట కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను. వస్తే మళ్లీ చర్చికి వెళ్తానేమో తెలియదు. ఇంటికి మాత్రం వెళ్తాను.

కనిపెట్టుచున్నాను
ఆదివారం, సాయంత్రం 7:50

మాది బైబిల్ మిషన్. 1938లో దేవదాసు అయ్యగారు మొదలుపెట్టినప్పటి నుంచీ మాలో సన్నిధిలో కనిపెట్టడం అనేది ఉంది. అంటే అడగడం ఆపి, నోరు మూసుకుని, ఆయన ముందు ఉండటం. ఇప్పుడు మా దగ్గర కూడా మైకులు ఎక్కువై అది తగ్గిపోతోంది, నాకు దాని మీద చాలా బాధ ఉంది.

మూడో బెంచీ బ్రదర్‌కి పనిలో శబ్దం, చర్చిలో కీబోర్డు శబ్దం, ఇంట్లో తన గొంతు శబ్దం. మీరు ఇంటికి వచ్చాక గేటు బయట బండి ఆపి అయిదు నిమిషాలు కూర్చోండి. ఏమీ అడగొద్దు. ప్రభువా వచ్చాను అనండి చాలు. మొదట్లో ఏమీ ఉండదు, దోమలు కుడతాయి, ఆకలి గుర్తొస్తుంది. కొన్నాళ్లకి ఆ అయిదు నిమిషాల్లోనే మీ లోపలి అరుపు మీకే వినపడుతుంది. అది వినపడితే ఇంట్లోవాళ్లకి వినిపించాల్సిన పని ఉండదు. 2 కొరింథీ 3:18లో ఆయన మహిమను చూస్తూ ఆ పోలికగానే మార్చబడుచున్నాము అని ఉంది. చూడటం వల్ల మార్పు. చూడటానికి ఆగాలి కదా.

ఇరుకు ద్వారం
సోమవారం, ఉదయం 7:00

బ్రదర్, శుక్రవారం నేను రాసింది తొందరపాటు. నా అనుభవాన్ని మీ మీద పెట్టాను. మీ ఇంటి కోసం రోజూ అయిదింటికి ప్రార్థిస్తున్నాను.

మూడో బెంచీ
ఆరు వారాల తర్వాత, బుధవారం, రాత్రి 11:15

అందరికీ వందనాలు. ఆలస్యంగా రాస్తున్నాను, మాట ఇచ్చి నిలబడకుండా పోతానేమోనన్న భయంతో ఆగాను.

బీపీ 160 ఉంది, మాత్రలు వాడుతున్నాను. యజమానిని అడిగి షిఫ్ట్ మార్చుకున్నాను, జీతంలో కొంత తగ్గింది. నిద్ర ఆరు గంటలకి వచ్చింది. సంఘంలో ఒక పెద్దాయనకి అంతా చెప్పాను, ప్రతి శనివారం ఆయన్ని కలుస్తున్నాను. పాటల టీం నుంచి మూడు నెలలు తప్పుకున్నాను. కారణం నేనే చెప్పాను, ఇంట్లో సరిచేసుకోవాల్సింది ఉందని.

బాబుతో మాట్లాడింది ఆ ఆదివారం రాత్రే. వాడు వాటర్ టిన్ను బోర్లించి బిందెలోకి పోస్తున్నాడు. నేను టిన్ను పట్టుకున్నాను, పట్టుకునే చెప్పాను. బైబిల్ లాక్కున్నాను, రెండుసార్లు కొట్టాను, నీ తప్పు కాదు, నాది, నన్ను క్షమించు నాన్నా అన్నాను. ఎక్కాలు, గోడ సంగతి కూడా చెప్పాను. వాడు నా వైపు చూడలేదు. నీళ్లు పూర్తిగా పోశాక "సరే నాన్నా" అని లోపలికి వెళ్లిపోయాడు. అంతే. వరండాలో చెప్పులు తమ్ముడు చెప్పి ఉండకపోతే నేను వెనకాలే వెళ్లి ఇంకా ఏదో మాట్లాడించి పాడుచేసేవాణ్ని.

గీతలు గీస్తున్నాను. మొదటి వారం 14 చుక్కలు. తర్వాత 11, మళ్లీ 11. నాలుగో వారం 15కి వెళ్లింది, ఆ వారం కరెంటు బిల్లు విషయంలో ప్లేటు విసిరాను. ఆ రాత్రి ఇంక అయిపోయింది అనుకున్నాను. ఇదివరకైతే అక్కడితో వదిలేసి ఇంకో ఉపవాసం మొదలుపెట్టేవాణ్ని. ఈసారి అన్నం ముద్దలు నేనే ఏరాను, మా ఆవిడకి క్షమాపణ చెప్పాను, నోటుబుక్కు ఆమెకే చూపించాను. ఆమె పెన్ను తీసుకుని నేను మర్చిపోయిన రెండు చుక్కలు పెట్టింది. పోయిన వారం 6.

కోపం పోలేదు. వస్తోంది. కానీ వచ్చేటప్పుడు తెలుస్తోంది, ముందు చెవులు వేడెక్కుతాయి, ఆ క్షణంలో చిన్న సందు ఉంటోంది, ఇంతకుముందు లేని సందు. అది నేను చేసుకున్నది కాదు, నాకు తెలుసు. గేటు బయట అయిదు నిమిషాలు కూర్చుంటున్నాను, వీధిలో వాళ్లు బండి చెడిపోయిందా అని అడుగుతున్నారు.

నిన్న కుటుంబ ప్రార్థనలో ఫిలిప్పీ 2 నేను చదివాను. "ఇచ్ఛయించుటకును" దగ్గర నాకే నోరు తడబడింది. బాబు పక్కనుంచి మెల్లగా అందించాడు. వాడి మొహంలోకి చూశాను, వాడు భయపడి అందించలేదు. తర్వాత మా ఆవిడ ప్రార్థన చేసింది. వాళ్లక్క మోకాలి నొప్పి గురించి, బాబు పరీక్షల గురించి, వర్షాల గురించి చేసింది. నా కోపం గురించి ఏమీ అనలేదు. నేను ఆమేన్ అన్నాను.

గుండ్లకమ్మ తీరం
గురువారం, ఉదయం 5:50

చదివాను తమ్ముడూ. చుక్కలు 15కి వెళ్లిన వారం కూడా రాశావు, దానికి దేవుడికి స్తోత్రం. ఆవిడ పెట్టిన ఆ రెండు చుక్కలు జాగ్రత్తగా దాచుకో.

రాత్రి డ్యూటీ
గురువారం, మధ్యాహ్నం 2:40

ఇక్కడ ముసలావిడ పడుకుంది, బాత్రూంలోకి వెళ్లి ఏడ్చి వచ్చి రాస్తున్నాను అన్నా. వదినకి నా వందనాలు చెప్పండి.

వరండాలో చెప్పులు
గురువారం, రాత్రి 9:35

అంకుల్, మీరు రాసిన వాటర్ టిన్ను పేరా మా నాన్నకి వాట్సాప్‌లో పంపాను. కింద ఏమీ రాయలేదు. సాయంత్రం నీలం టిక్కులు పడ్డాయి. ఇంకా ఏమీ రాలేదు. శనివారం రాత్రి బస్సుకి టికెట్ చూస్తున్నాను.